పూజలో గ్రెగోరియన్ గానం: చిన్న విచారణ గాయక బృందానికి పని పద్ధతి

గ్రెగోరియన్ గానం అంటే కాథలిక్ చర్చిలో లాటిన్ మాటలతో అందరూ ఒకే వరసలో పాడే పాత ఆరాధన గానం. దానికి వాయిద్యం అక్కర్లేదు, తాళం అక్కర్లేదు, గొప్ప కంఠం ఉండి తీరాలన్న నియమమూ లేదు. మాటను సరిగ్గా పలకడం, పదిమందీ ఒకే గొంతుగా పాడడం వస్తే చాలు. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లె విచారణల్లో (పారిష్‌లలో) కీబోర్డు వాయించే కుర్రాడు పనికోసం హైదరాబాదో విశాఖో వెళ్ళిపోతే గాయక బృందం ఆరునెలలు మూగబోతుంది. అలాంటి చోట్లకే ఈ గానం ఎక్కువ పనికొస్తుంది. కరెంటు పోయినా ఆగదు.

తెలుగు పాటలు మానేయమని ఇక్కడ చెప్పడం లేదు. కాథలిక్ బిషప్‌ల రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న దైవారాధన మీద వెలువరించిన పత్రమే స్థానిక భాషలకు తలుపు తీసింది. అదే పత్రం 116వ పేరాలో, మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు గ్రెగోరియన్ గానానికి మొదటి స్థానం ఇవ్వాలని చెప్పింది. పూజలో (మాస్‌లో) ప్రజల వంతుగా వచ్చే భాగాలను వాళ్ళు లాటిన్‌లో కూడా కలిసి పాడగలిగేలా చూడాలని 54వ పేరాలో ఉంది. మన దగ్గర స్థానిక భాష మాట బాగా అమలైంది, లాటిన్ గానం మాట మరుగున పడింది. 1974లో ఆరవ పౌలు పోపుగారు ‘జూబిలాతె దేయో’ అనే చిన్న పుస్తకాన్ని ప్రపంచంలోని బిషప్‌లందరికీ పంపారు. ప్రతి విచారణకూ తెలిసి ఉండాల్సిన కనీస గానం అందులో ఉంది. పని మొదలుపెట్టడానికి అది చాలు, పెద్ద పుస్తకాల జోలికి వెళ్ళనక్కర్లేదు.

ముందు ఏది పాడాలి

ఎక్కువ విచారణల్లో ప్రవేశ గీతం, కానుకల పాట, సత్ప్రసాద (కమ్యూనియన్) గీతం పాడతారు. గురువుకూ (ఫాదర్‌గారికీ) ప్రజలకూ మధ్య నడిచే మాటలు మాత్రం చదివేస్తారు. 1967 మార్చిలో సంగీతం మీద వచ్చిన రోము ఆదేశం చెప్పిన వరుస దీనికి సరిగ్గా తలకిందులు. మొదటి మెట్టులో గురువు పలకరింపు, దానికి ప్రజల జవాబు, సువిశేషం దగ్గరి జవాబులు, స్తుతి ప్రార్థన ముందరి సంభాషణ, సాంక్తుస్ (‘పరిశుద్ధుడు’ గీతం), పరలోక జపం, చివర పంపించే మాట ఉన్నాయి. కీరియె (‘ప్రభువా, దయ చూపండి’), గ్లోరియా (మహిమ గీతం), ఆన్యుస్ దేయి (‘దేవుని గొర్రెపిల్ల’), విశ్వాస సంగ్రహం రెండో మెట్టు. మనం అన్నిటికన్నా ముందు పాడే ప్రవేశ గీతం, సత్ప్రసాద గీతం మూడో మెట్టులో ఉన్నాయి.

కాబట్టి మొదట ఫాదర్‌గారితో మాట్లాడండి. ఆయన పాడకపోతే జవాబులు గాలిలో వేలాడతాయి. ఆయనకు గొంతు మీద నమ్మకం లేకపోతే ఒకే స్వరం మీద మాటలు చెప్పమనండి. దానికీ నిబంధనల్లో చోటుంది, వినడానికీ బాగుంటుంది. ఏ ఆదివారం ఏది పాడాలన్న నిర్ణయం విచారణ గురువుదే. గాయక బృందం తనంతట తాను లాటిన్ మొదలుపెడితే రెండో వారానికే పేచీ వస్తుంది.

ఆ తర్వాత నేర్పే వరుస ఇది (నంబర్లు గాన పుస్తకాల్లో పూజ బాణీలకు ఇచ్చినవి): పదహారో నంబరు కీరియె, పద్దెనిమిదో నంబరు సాంక్తుస్, ఆన్యుస్ దేయి. ఈ మూడూ చిన్నవి, స్వరాలు తక్కువ, ‘జూబిలాతె దేయో’లో ఉన్నవే. చాలామంది ఎనిమిదో నంబరు పూజతో, అంటే ‘దె ఆంజెలిస్’తో మొదలుపెడతారు. అది వినడానికి ఇంపుగా, మన శంకరాభరణంలాగా ఉంటుంది, పిల్లలు తొందరగా పట్టేస్తారు. కానీ అందులో ఒక్కొక్క అక్షరానికి నాలుగైదు స్వరాలు పలికే చోట్లున్నాయి, ఊపిరి నిలవని బృందం అక్కడ చెదిరిపోతుంది. పైగా అది అనుకున్నంత పాతదీ కాదు. దాని కీరియె 15, 16 శతాబ్దాలది, గ్లోరియా 16వ శతాబ్దానిది. దాన్ని పండుగలకు దాచుకోండి.

మనుషులు, సమయం, చోటు

ఆరుగురి నుంచి పదిమంది దాకా చాలు. ఇరవైమంది ఉంటే మొదటి నెలలో ఒకరి తప్పు వెనక మరొకరు దాక్కుంటారు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు పెట్టుకోండి. గంటకు మించితే గొంతు అలసి శ్రుతి కిందికి జారుతుంది, ఆ జారిన శ్రుతే అలవాటవుతుంది. ఆరు వారాలకు పైన చెప్పిన మూడు భాగాలూ, ఒక కీర్తనా పూజలో పాడే స్థితికి వస్తాయి. నాట్లప్పుడూ కోతలప్పుడూ మనుషులు రారు, ఆ నెలల్లో కొత్తది మొదలుపెట్టకండి.

సాధన గుడిలోనే జరగాలి. ఉపదేశిగారి (మతబోధకుడి) ఇంటి వరండాలో కుదిరిన గొంతులు స్లాబు గుడిలోకి వచ్చేసరికి ఒకదానికొకటి వినబడవు. అర్ధచంద్రాకారంలో దగ్గరగా నిలబడండి, పక్కవాళ్ళ గొంతు మీ గొంతుకన్నా కాస్త ఎక్కువ వినబడాలి. నడినెత్తిన ఉన్న ఫ్యాన్లు ఆపేయండి. ఫ్యాన్ మోతకు కూడా ఒక శ్రుతి ఉంటుంది, తెలియకుండానే బృందం దానివైపు లాగబడుతుంది.

పలుకు

సగం పని ఇదే. లాటిన్‌ను ఇంగ్లీషు చదివినట్టు చదివితే ‘డామినస్’, ‘శాంక్టస్’ అవుతాయి. చర్చి లాటిన్‌లో ఉన్నవి ట, డ కావు. మన త, ద లే. ‘దోమినుస్’, ‘సాంక్తుస్’ అనాలి. అందుకే ఇంగ్లీషు అక్షరాలున్న కాగితం పంచకండి, తెలుగు లిపిలో రాసి ఇవ్వండి. లాటిన్‌కున్న అయిదు అచ్చులూ మన అ, ఎ, ఇ, ఒ, ఉ లకు చాలా దగ్గర. ద్విత్వాలు మనకు పుట్టుకతో వచ్చినవి: ‘తొల్లిస్’, ‘ఒసాన్నా’ అనడానికి ఇంగ్లీషువాళ్ళు కష్టపడతారు, మన పిల్లలకు అది సమస్యే కాదు.

రాసేటప్పుడు ఇవి చూసుకోండి:

– సి అక్షరం తర్వాత ఎ, ఇ ధ్వని వస్తే చ: ‘పాచెం’, ‘చేలి’. లేకపోతే క.
– జి అక్షరం తర్వాత ఎ, ఇ వస్తే జ: ‘జెంతెస్’. జి, ఎన్ పక్కపక్కన వస్తే న్య: ‘ఆన్యుస్’. ‘ఆగ్నస్’ తప్పు.
– ‘గ్రాత్సియా’లో ఉన్నట్టు, టి, ఐ కలిసి ఆ వెనక మరో అచ్చు వస్తే త్సి.
– హెచ్ పలకదు. ‘మికి’, ‘నికిల్’ అనే రెండు మాటల్లో మాత్రం క అవుతుంది.
– జె అక్షరం య. ‘యేసు’ అన్న పిలుపు మనదీ లాటిన్‌దీ ఒకటే.
– గ్లోరియా మొదటి వాక్యంలో చివరి మాట ‘ఎక్‌షెల్సిస్’.

మన నోటికి వచ్చే చిక్కులు వేరు. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి హల్లుతో ఆగే ప్రతి మాటకూ చివర ఒక ఉ తగిలిస్తాం: ‘సాంక్తుసు’, ‘దోమినుసు’, ‘కీరియె ఎలేయిసొను’. విడిగా మాట్లాడినప్పుడు తెలియదు, పదిమంది పాడితే ఆ ఉ గుడంతా నిండుతుంది. దీన్ని పోగొట్టడానికి చివరి హల్లును ఆలస్యంగా, అందరూ ఒకేసారి మూసేలా చేయాలి. నేర్పేవారు చేత్తో చిన్న సైగ చేయాలి, ఆ సైగ దాకా అచ్చునే పట్టి ఉంచాలి, సైగ పడగానే ‘స్’ అని వెంటనే ఆపాలి. ‘స్’ను సాగదీస్తే బుస కొట్టినట్టు వినబడుతుంది.

రెండో చిక్కు మాట మొదట్లో వచ్చే సంయుక్తాక్షరం. ఇస్కూలు, ఇస్టేషను అనే అలవాటులో ‘స్పీరితు’ కాస్తా ‘ఇస్పీరితు’ అయిపోతుంది. ముందు మాటలోని చివరి హల్లుకు ‘స్’ అతికించి సాధన చేయించండి: ‘కుంస్–పీరితు’, ఇలా పదిసార్లు. మూడోది, ‘ఫీలి’లో వచ్చే ధ్వని. కింది పెదవి పైపళ్ళకు తగలాలి, లేకపోతే ‘పీలి’ వినబడుతుంది.

ప్రతి పాటనూ మూడు దశల్లో నేర్పండి. మొదట మాటలు మామూలుగా, అర్థం చెప్పి చదివించండి. తర్వాత మొత్తం మాటల్ని ఒకే స్వరం మీద పాడించండి. ఇది విసుగ్గా ఉంటుంది, ఎవరూ ఒప్పుకోరు, అయినా వదలకండి. అందరి నోళ్ళూ ఒక్కసారే తెరుచుకోవడం, మూసుకోవడం ఈ దశలోనే వస్తుంది. ఆ తర్వాతే రాగం. రాగం ముందు నేర్పితే మాట ఎప్పటికీ బాగుపడదు, ఎందుకంటే చెవి రాగం మీదే ఉంటుంది.

నడక

తప్పెటగుళ్ళు, కోలాటం విని పెరిగిన చెవి ఎక్కడైనా తాళం వెతుక్కుంటుంది. గ్రెగోరియన్ గానంలో అది దొరకదు. దాని నడక మన రంగస్థల పద్యం నడకకు దగ్గర: తాళం ఉండదు, మాట ఎటు పోతే రాగం అటు పోతుంది. అయితే పద్యానికి చివర ఉండే పెద్ద ఆలాపన ఇక్కడ లేదు, ‘వన్స్ మోర్’ కోసం ఎదురుచూసే నటుడూ లేడు. అన్ని స్వరాలూ ఇంచుమించు ఒకే నిడివి. పక్కన చుక్క ఉన్న స్వరం రెండింతలు. వాక్యం చివర కాస్త నెమ్మదించాలి.

వేగం ఎంత ఉండాలి? లేఖనం చదివేవారు నిదానంగా, స్పష్టంగా చదివే వేగం. నెమ్మదిగా పాడితే భక్తి ఎక్కువని చాలామంది అనుకుంటారు. నిజానికి నెమ్మదిగా లాగిన గానంలో ఊపిరి మధ్యలో తెగి మాట ముక్కలవుతుంది. ‘మిసె... రేరె’ అని విరిచి పాడితే అర్థమూ పోయింది, అందమూ పోయింది.

గమకం వద్దు. విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాల ఆదిభట్ల నారాయణదాసుగారు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు నడిపిన చోటు. ఆ ఊరి చుట్టుపక్కల సరళీ స్వరాలు నేర్చుకున్న పిల్ల ఒక్కరైనా ప్రతి బృందంలో ఉంటుంది. ఆ అమ్మాయి మీకు వరం: శ్రుతి పట్టుకుంటుంది, స్వరం రాసుకుంటుంది. కానీ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ పోవడం, స్వరాన్ని ఊపడం ఆమెకు అలవాటు. ఇక్కడ ప్రతి స్వరం మీదా నేరుగా అడుగేయాలి. ‘సరళీ స్వరం మొదటి కాలంలో పాడినట్టు పాడమ్మా’ అంటే అర్థమవుతుంది.

ఒక కీర్తన, స్వరాలతో సహా

నేర్చుకోవడానికి అనువైనది 117వ కీర్తన. పాత లాటిన్ బైబిల్లో దాని సంఖ్య 116. కీర్తనలన్నిటిలో చిన్నది, రెండే చరణాలు. సత్ప్రసాద ఆరాధన చివర పాడడానికి బాగా కుదురుతుంది. దీన్ని ఎనిమిదో ధాటిలో, అంటే గ్రెగోరియన్ గానంలోని ఎనిమిది స్వర పద్ధతుల్లో చివరిదానిలో పాడదాం. ముగింపు స్వరాన్ని స అనుకుంటే ఈ ధాటికి హరికాంభోజి స్వరాల్లో స రి గ మ ప అయిదే కావాలి.

శ్రుతి: మూడు, అంటే కీబోర్డు మీద ఇ. మగవాళ్ళు కింది స్థాయిలో, ఆడవాళ్ళు పై స్థాయిలో. పాటలో ఎక్కువ భాగం మధ్యమం మీద నడుస్తుంది కాబట్టి గొంతు అలసిపోతే రెండు శ్రుతికి దించండి, అంతకన్నా కిందికి వద్దు. సాధనలో తంబూరా యాప్ పెట్టుకుంటే మధ్యమ శ్రుతి ఎంచుకోండి. పూజలో ఆపేయండి.

నియమం ఇది. మొదటి చరణం మొదటి మూడు అక్షరాలు స, రి, మ. ఆ తర్వాత అంతా మ. చుక్క గుర్తు (*) దగ్గరికి వచ్చేటప్పుడు చివరి ఊనిక ఉన్న అక్షరం ప, దాని తర్వాతివి మ. రెండో సగం మ మీద మొదలవుతుంది. చివరి ఊనికకు ముందున్న రెండు అక్షరాలు గ, మ. ఊనిక ఉన్నది రి. మిగిలినవి స. రెండో చరణం నుంచి మొదట్లో స, రి ఉండవు, నేరుగా మ మీదే ఎత్తుకోవాలి.

లౌదాతె దోమినుం ఓమ్నెస్ జెంతెస్ * లౌదాతె ఏఉం ఓమ్నెస్ పోపులి.
మొదట్లో లౌ–స, దా–రి, తె–మ. చుక్క దగ్గర జెం–ప, తెస్–మ. చివర ఓమ్–గ, నెస్–మ, పో–రి, పు–స, లి–స.

క్వోనియాం కొన్‌ఫిర్మాతా ఎస్త్ సూపెర్ నోస్ మిసెరికోర్దియా ఏయుస్ * ఎత్ వేరితాస్ దోమిని మానెత్ ఇన్ ఎతెర్నుం.
ఏ–ప, యుస్–మ. చివర ఇన్–గ, ఎ–మ, తెర్–రి, నుం–స.

గ్లోరియా పాత్రి ఎత్ ఫీలియో * ఎత్ స్పిరీతుయి సాంక్తొ.
ఫీ–ప, లి–మ, యో–మ. చివర తు–గ, యి–మ, సాంక్–రి, తొ–స.

సీకుత్ ఏరాత్ ఇన్ ప్రించీపియో, ఎత్ నుంక్, ఎత్ సెంపెర్ * ఎత్ ఇన్ సేకులా సేకులోరుం. ఆమెన్.
సెం–ప, పెర్–మ. చివర లో–గ, రుం–మ, ఆ–రి, మెన్–స.

అర్థం చెప్పడం మరిచిపోకండి: సకల జాతులారా ప్రభువును స్తుతించండి, ఆయన కృప మన మీద స్థిరపడింది, ఆయన సత్యం ఎప్పటికీ నిలుస్తుంది. మూడు, నాలుగు చరణాలు త్రిత్వ స్తోత్రం.

మొదటి సగం ఒక్కరు ఎత్తుకోవాలి, చుక్క తర్వాత అందరూ అందుకోవాలి. తర్వాతి చరణాలు కుడివైపువారు ఒకటి, ఎడమవైపువారు ఒకటి. ఆడా మగా వరసలుగా కూర్చునే గుళ్ళలో ఈ ఏర్పాటు దానంతటదే వచ్చేస్తుంది. చుక్క దగ్గర మౌనం ముఖ్యం, మనసులో ‘యేసు’ అనుకునేంత సేపు. చరణానికీ చరణానికీ మధ్య అంత మౌనం ఉండకూడదు, ఒకవైపు ముగియగానే రెండోవైపు ఎత్తుకోవాలి. కొత్త బృందాలన్నీ దీన్ని తలకిందులు చేస్తాయి: మధ్యలో ఆగరు, చివర ఆగుతారు.

తప్పులు ఎక్కువ జరిగేది రెండు చోట్ల. ఒకటి గాంధారం. చివర మ–గ–మ అనేటప్పుడు గ బాగా కిందికి పోతుంది. గ, మ ల మధ్య అరమెట్టే ఉంది, గ పైకి, మధ్యమాన్ని ఆనుకుని ఉండాలి. ఒక్కో చరణానికి గ కొంచెం దిగితే నాలుగో చరణానికి పాట మొత్తం అర శ్రుతి కిందికొస్తుంది. రెండోది ఆ పొడుగాటి మధ్యమం. ఒకే స్వరం మీద ఇన్ని మాటలు చెప్పేటప్పుడు ఊపిరి తగ్గేకొద్దీ స్వరం దిగుతుంది. రెండో చరణం మొదటి సగం పొడుగెక్కువ, అక్కడ అందరూ ఒకేచోట ఊపిరి తీయకుండా పక్కపక్కవాళ్ళు వేర్వేరు చోట్ల తీయాలి. ఎవరు ఎక్కడ తీయాలో పెన్సిలుతో కాగితం మీద గుర్తు పెట్టండి.

అదే ధాటి, తెలుగు కీర్తనకు

ఇది బాగా పనిచేస్తుంది, ప్రజలు కూడా వెంటనే అందుకుంటారు. తెలుగులో లాటిన్‌కు ఉన్నట్టు ఊనిక లేదు, దాని బదులు గురు లఘువులు చూసుకోవాలి. సగం చివర వెనక నుంచి రెండో అక్షరం గురువైతే ఊనిక దాని మీద. అది లఘువై, మూడోది గురువైతే ఊనిక ఆ మూడోదాని మీద. రెండూ లఘువులైతే రెండోదానికే ఇచ్చేయండి.

‘ప్రభువుకు కృతజ్ఞతలు చెల్లింపుడు * ఆయన కృప శాశ్వతమైనది’ అనే వాక్యం తీసుకోండి. ‘చెల్లింపుడు’లో పు లఘువు, ల్లిం గురువు. కాబట్టి ల్లిం–ప, పు–మ, డు–మ. ‘శాశ్వతమైనది’లో న లఘువు, మై గురువు. శ్వ–గ, త–మ, మై–రి, న–స, ది–స. ఇలా నెలకు సరిపడా కీర్తనలకు ముందే గుర్తులు పెట్టి ఉంచితే కీర్తన పాడేవారికి ఆదివారం పొద్దున హైరానా ఉండదు. అక్షరాల కింద గీత గీస్తే చాలు, స్వరాలు రాయనక్కర్లేదు. గ దగ్గర ఒక గీత, ప, రి దగ్గర రెండు గీతలు.

నాలుగు గీతల లిపి

చదరపు స్వరాలు చూసి భయపడనక్కర్లేదు. నాలుగు గీతలు, ఎడమవైపు సి ఆకారంలో ఒక గుర్తు. ఆ గుర్తు ఏ గీత మీద ఉంటే ఆ గీత పై షడ్జమం. గుర్తు పైగీత మీద ఉంటే గీతలు పైనుంచి కిందికి స, ద, మ, రి. మధ్య ఖాళీలు ని, ప, గ. గుర్తు కింది గీతకు మారితే అన్నీ దానితోపాటు దిగుతాయి. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ రెండు చదరాల్లో కిందిది ముందు పాడాలి. పక్కపక్కన ఏటవాలుగా దిగేవాటిని వరసగా పాడాలి. వరస చివర కనిపించే సగం స్వరాన్ని పాడకూడదు, తర్వాతి వరస ఎక్కడ మొదలవుతుందో అది ముందే చెబుతుంది. చిన్న అడ్డగీత దగ్గర మాట విడదీయడం, సగం గీత దగ్గర ఊపిరి, నిండు గీత దగ్గర నిలుపు.

స్వరాలన్నీ ఇలా శంకరాభరణంలో రాసుకున్నాక పాట ఏ స్వరం మీద ముగుస్తుందో చూడండి. గ్రెగోరియన్ ధాటులు ఎనిమిది, ముగింపు స్వరాలు నాలుగు. మన గ్రహభేదం (ఇంకో స్వరాన్ని స అనుకుని పాడడం) తెలిసినవాళ్ళకు ఇది పిల్లాట: రి మీద ముగిస్తే ఖరహరప్రియ మెట్లు, గ మీద హనుమతోడి, మ మీద మేచకల్యాణి, ప మీద హరికాంభోజి. మ మీద ముగిసేవాటిలో నిషాదం కోమలమైతే మళ్ళీ శంకరాభరణమే. ‘సాల్వె రెజీనా’ మామూలు బాణీ అలాంటిది, ముగింపు స్వరాన్ని స అనుకుంటే దాని ఎత్తుగడ స గ ప ద ప. పోలిక మెట్లకే, రాగ లక్షణాలకు కాదు. పదహారో నంబరు కీరియె మూడో ధాటిది, తోడి మెట్లు. తోడి విన్న గొంతు రిషభ గాంధారాలను ఊపకుండా ఉండలేదు. కాబట్టి నేర్పేటప్పుడు తోడి పేరు ఎత్తకపోవడమే మేలు!

మైకు

ఆంప్లిఫయర్ మీద ఎకో బటన్ సున్నాకు తిప్పండి. ఎకో ఉంటే చివరి హల్లులు రెండుసార్లు వినబడతాయి, చుక్క దగ్గరి మౌనం మాయమవుతుంది. గుడి గోడలే కావలసినంత మార్మోగుతాయి. బృందం మొత్తానికి ఒకే మైకు, ముందు వరసకు మూడు నాలుగు అడుగుల దూరంలో. ఒక్కరు చేత్తో మైకు పట్టుకుంటే అది వాళ్ళ పాట అవుతుంది, మిగతావాళ్ళు నోరు కదుపుతారు. వందమంది పట్టే గుడికి అసలు మైకే అవసరం లేదు. పూజలో తబలా, కీబోర్డు వాయించేవారిని ఈ పాటలప్పుడు పాడేవారి వరసలోకి పిలవండి, ఊరికే కూర్చోబెడితే నొచ్చుకుంటారు.

ఏ కాలానికి ఏది

మొదలుపెట్టడానికి తపస్సు కాలం (ఈస్టరుకు ముందరి ఉపవాస కాలం) అన్నిటికన్నా అనువు. ఆ కాలంలో వాయిద్యాలు పాటకు ఊతంగా మాత్రమే ఉండాలని పూజాగ్రంథ సాధారణ నియమాలు 313వ పేరాలో ఉంది, నాలుగో ఆదివారం, పెద్ద పండుగలు మినహాయింపు. కాబట్టి వాయిద్యం లేకపోవడాన్ని ఎవరూ తప్పుపట్టరు. గ్లోరియా, అల్లెలూయ కూడా ఉండవు, నేర్చుకోవాల్సింది తగ్గుతుంది. కీరియె, సాంక్తుస్, ఆన్యుస్ దేయి ఆరు ఆదివారాలు వరసగా పాడితే ప్రజలు కాగితం చూడకుండా పాడతారు. వారం వారం మార్చితే ఎప్పటికీ రాదు.

పూజ చివర మరియమాత గీతం కాలాన్నిబట్టి మారుతుంది. ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందరి వారాలు) నుంచి ఫిబ్రవరి 2 వరకు ‘ఆల్మా రెదెంప్తోరిస్ మాతెర్’, అక్కడి నుంచి పవిత్ర వారం దాకా ‘ఆవె రెజీనా చేలోరుం’, పాస్కా (ఈస్టరు) కాలంలో ‘రెజీనా చేలి’, పెంతెకోస్తు తర్వాత ‘సాల్వె రెజీనా’. మొదటి ఏడాది చివరి రెండు చాలు. సత్ప్రసాద ఆరాధనకు ‘తాంతుం ఎర్గో’ ఎలాగూ కావాలి. పునీత థామస్ అక్వినాస్ 13వ శతాబ్దంలో రాసిన ‘పాంజె లింగ్వా’ గీతంలోని చివరి రెండు చరణాలవి. సావోయిలోని (ఇప్పటి ఫ్రాన్సు) ఆన్సీ నుంచి వచ్చిన మిషనరీలు 1846లో విశాఖలో అడుగుపెట్టారు, ఇటువైపు విచారణలకు మూలం వాళ్ళే. శ్రీకాకుళం మేత్రాసనం (బిషప్ పాలన కింది ప్రాంతం) 1993లో విశాఖ నుంచి విడివడింది. పాత విచారణల్లో పెద్దవాళ్ళు ఎవరైనా ‘తాంతుం ఎర్గో’ కంఠతా పాడగలరేమో ముందు వాకబు చేయండి. వాళ్ళ పలుకు కొంచెం అరిగిపోయి ఉండొచ్చు, దాన్ని అందరి ముందూ దిద్దకండి. వాళ్ళను ముందు వరసలో నిలబెట్టి పిల్లలకు సరైన పలుకు నేర్పితే రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది.

మనుషులు ఊళ్ళు మారుతూనే ఉంటారు, దానికి ముందే ఏర్పాటు చేసుకోవాలి. పాట మొత్తం ఒకే ఫైలుగా రికార్డు చేయకండి. ఒక్కో వాక్యాన్ని అర నిమిషం ముక్కగా, ముందు చదివి తర్వాత పాడి, ఫోన్లో రికార్డు చేసి బృందం వాట్సాప్ గ్రూపులో పెట్టండి. పేరులో పాట, వాక్యం సంఖ్య, శ్రుతి ఉండాలి. విశాఖలో పనిచేసే కుర్రాడు దారిలో వింటాడు. క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినవాళ్ళను వరసలో చేర్చుకోవడానికి ఒక్క సాయంత్రం చాలు, అయితే ఆ వారం కొత్త పాట మాత్రం పెట్టుకోకండి. సంక్రాంతి దాకా ఉండేవాళ్ళుంటే ‘దె ఆంజెలిస్’ కీరియె అప్పుడు మొదలుపెట్టి, పాస్కాకు వాళ్ళు తిరిగి వచ్చేసరికి సిద్ధం చేయవచ్చు.